గెడ్డ మాట ఎత్తని ఊరు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది. వైరు సరిగ్గా కలిపితే లోకంలో ఏ పనైనా అయిపోతుందన్నది మొదటిది. అవలేదంటే తప్పు వైరుది కాదు, ఆ చివర కూర్చున్న మనుషులదన్నది రెండోది. డిప్లొమా చేతికొచ్చి, జుట్టు దట్టంగా ఉండి, కోపం ముక్కు మీదే కాపురం పెట్టుకున్న వయసు. అలాంటి నమ్మకాలు ఆ వయసులో అందరికీ ఉంటాయి కాబోలు. కానీ నేను వాటిని పట్టుకుని ఒక ఊరు ఊరంతటి మీదా విరుచుకుపడ్డాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా చెప్పేస్తాను, ఎందుకంటే నేను చెప్పకపోతే మా బావ చెబుతాడు, వాడు చెబితే ఇంకా దారుణంగా ఉంటుంది. (బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. నాతో పాటు ఉద్యోగంలో చేరినవాడు. గాజువాకలో పక్క సీట్లో కూర్చున్న ప్రతివాడూ బావే.)

మాది గాజువాక. నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. నాకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, ఉక్కునగరంలో క్వార్టరు రావాలని అమ్మ ప్రార్థన. వచ్చింది మాత్రం ఒక కంట్రాక్టు కంపెనీలో ప్రొబేషను. కొండవార ఊళ్ళకి కేబుల్ లాగి, పంచాయతీ ఆఫీసులో ఒక పెద్ద టీవీ, దాని నెత్తిన కెమెరా, బల్ల మీద మైకు అమర్చి, ఊరివాళ్ళు అక్కడే కూర్చుని విశాఖపట్నంలో ఉన్న పెద్ద ఆఫీసరుతో ముఖాముఖీ మాట్లాడుకునేలా చేయడం మా పని. కాగితం పట్టుకుని బస్సెక్కి, ఆఫీసు గుమ్మాల్లో పడిగాపులు కాసి, "రేపు రా" అనిపించుకుని తిరిగిపోయే బాధ ఇక ఉండదని మా ప్రాజెక్టు సారు ప్రతి మీటింగులోనూ చెప్పేవారు. నేను నూటికి నూరు పాళ్ళూ నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను, అదే చిత్రం. అయితే ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "ఊరికి ఒక కాల్. కాల్‌లో ఒక సమస్య. సమస్యకి అక్కడికక్కడే ఒక హామీ. ఫారంలో ఆ గడి నింపి తీసుకొస్తే నువ్వు పర్మినెంటు. నింపకపోతే మనిద్దరం ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం." ఆయనతో కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళెవరూ మర్నాడు మళ్ళీ ఆఫీసులో కనబడలేదు. ఇక్కడ మా అమ్మ చూస్తే, ఆదివారం ఆరాధన అయ్యాక వన్ టౌన్ చర్చి మెట్ల మీద నిలబడి, మా వాడు పర్మినెంటు అయిపోయాడని అప్పటికే అందరికీ చెప్పేసింది. పాస్టరుగారు నా కోసం కృతజ్ఞతా ప్రార్థన కూడా చేసేశారు. ఇంక వెనక్కి వెళ్ళడానికి దారేది?

నాకు పడిన ఊరికి ఒక గెడ్డ ఉంది. కొండల మీంచి దిగి వచ్చే వాగుని మా వైపు గెడ్డ అంటారు. తారు రోడ్డు దాని ఒడ్డు దాకా వచ్చి ఆగిపోతుంది, అవతలి ఒడ్డున మళ్ళీ ఏమీ ఎరగనట్టు మొదలవుతుంది. ఎండాకాలంలో చీలమండ తడుస్తుంది. వానలు పడితే నడుం లోతు. మేము స్తంభాలు పాతి కేబుల్‌ని గెడ్డ మీంచి గాల్లో దాటించాం. నా బండి మాత్రం ఇవతలి ఒడ్డునే వదిలేసి, ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని నేను రోజూ దాటేవాణ్ణి. ఆ ఊరి పెద్ద, ఎనభై ఏళ్ళ తాత, ఒడ్డున కూర్చుని చూస్తూ, "మాటలేమో పైనించి ఎల్లిపోతన్నాయి, మనుసులేమో కిందనించి ఎల్తన్నారు. బాగుంది బాబూ" అనేవాడు. నేను మధ్యాహ్నం భోజనం చేసేది అంగన్‌వాడీ టీచరు ఇంట్లో. ఆవిడని ఊరంతా అప్ప అంటారు, అక్క అన్నమాట. నేనూ అప్పా అనే పిలిచేవాణ్ణి. ఆవిడ కోడలికి మొదటి కాన్పు నొప్పులు వానాకాలంలో వచ్చాయట. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకెళ్తుంటే గెడ్డ ఒడ్డునే, వానలోనే పుట్టింది పిల్ల. బతికింది, దేవుడి దయ. ఇప్పుడు ఆ కోడలికి మళ్ళీ అయిదో నెల. దసరా ముందు నెలలు నిండుతాయి, అంటే గెడ్డ మంచి పొంగు మీద ఉండే రోజులు. ఆ మాట చెప్పేటప్పుడు అప్ప అన్నం వడ్డించే చెయ్యి ఆగిపోయేది.

నాకు ఇంకేం కావాలి? గడి నిండడానికి ఇంతకంటే గట్టి సమస్య ఏ ఊళ్ళో దొరుకుతుంది? కల్వర్టు కోసం అయిదుసార్లు అర్జీలు పెట్టి ఉన్నారు. ఇప్పుడు ఏకంగా ఆఫీసరు ముఖమే ఎదురుగా వస్తుంది. ఒక్క మాట చెబితే చాలు. కోడలి కాన్పూ, నా ఉద్యోగమూ రెండూ ఒకే గెడ్డ మీద ఆధారపడి ఉన్నాయని నాకు అర్థమైంది. (నిజం చెప్పాలంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉద్యోగమే. పాతికేళ్ళైనా లేవు, క్షమించండి.)

పెద్దసారు, అంటే విశాఖపట్నంలోని ఆ పెద్ద ఆఫీసరు, కాల్ రోజున పన్నెండు ఊళ్ళతో వరసగా మాట్లాడతారు, ఊరికి పది నిమిషాలు. పదకొండో నిమిషంలో తెర పక్క ఊరికి వెళ్ళిపోతుంది. అందుకని వారం ముందు నుంచీ రిహార్సల్ మొదలుపెట్టాను. అవతల విశాఖపట్నంలో మా బావ పెద్దసారు వేషం కట్టాడు. "తాతా, సారు నమస్కారం అంటారు, నువ్వు నమస్కారం అను, వెంటనే గెడ్డ సంగతి ఎత్తు. ఒక్కడే మాట్లాడాలి. మూడు ముక్కలు. గెడ్డ ఉంది, వంతెన లేదు, కట్టించండి." తాత శ్రద్ధగా తల ఊపాడు. తెర వెలిగింది, బావ ప్రత్యక్షమయ్యాడు. తాత చేతులు జోడించి, "దండాలు బాబూ. తిన్నావేటి?" అన్నాడు. బావ తినలేదన్నాడు. అంతే. ఎందుకు తినలేదు, హోటలు కూడా నేదా? ఇంట్లో అమ్మ నేదా, పెళ్ళి కాలేదా, ఏ ఊరు, ఎవులింటి పిల్లోడు? పది నిమిషాలూ అయిపోయాయి. రెండో రిహార్సల్‌కి బావకి పక్క ఊళ్ళో ఒక సంబంధం చూశారు. మూడోదానికి, ఎవరో వైజాగ్ వెళ్తుంటే వాళ్ళ చేత బావకి ఒక మూట జీడిపప్పు పంపించారు. నాలుగోసారి నేను బావని తిట్టాను. "బావా, నువ్వు ఆఫీసరువి. ఆఫీసర్లు సమాధానాలు సెప్పరు. కోప్పడు!" వాడు తెరలోంచి నా వైపు దీనంగా చూసి, "ఎలాగ కోప్పడమంటావ్ బావా? ఆళ్ళు మా అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడుగుతన్నారు" అన్నాడు.

చివరి రోజు ఊరందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పాను. తాత అంతా విని, "సెప్తాం బాబూ, సెప్పకుండా ఉంటామేటి? టయానికి సెప్తాం" అన్నాడు. ఆ "టయానికి" అన్న మాట దగ్గర నేను ఇంకొంచెం ఆగి ఆలోచించి ఉండాల్సింది.

అసలు రోజు వచ్చింది. పొద్దున్నే అన్నీ సరిచూసుకుని, కెమెరా తుడిచి, అప్ప ఇంట్లో స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేసరికి తెర మీద మా బొమ్మ లేదు. పచ్చగా ఏదో ముద్ద, మధ్యలో ఎర్రగా ఇంకేదో. కేబుల్ ఊడదీసి పెట్టాను. మోడెం పెట్టె ఆపి మళ్ళీ వేశాను. ఇంకో వైరు మార్చాను. ఆ ఊళ్ళో సెల్ సిగ్నలు దొరికేది వాటర్ ట్యాంకు మెట్ల మీద ఒక్కచోటే. పరిగెత్తి ట్యాంకెక్కి బావకి ఫోన్ చేశాను. "బావా, మీకేటి కనిపిస్తంది?" "పసుపు ముద్ద కనిపిస్తంది బావా. ఊరు కనిపించట్లేదు." అప్పుడు వెలిగింది నాకు. దిగి వచ్చి కుర్చీ ఎక్కి చూద్దును కదా, కెమెరా అద్దం నిండా పసుపు రాసి, నట్టనడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. కంగారులో అప్పటిదాకా చూడనే లేదు గానీ, టీవీకి దండ. ముందు కొబ్బరికాయ చిప్పలు. నా అరుపుకి అప్ప పరిగెత్తుకొచ్చింది. "కొత్తగా వొచ్చిన కన్ను కదా బాబూ. బొట్టయినా నేకుండా పెద్దోళ్ళ ముందుకి ఎలగ పంపిస్తాం? నీకు బొట్టు ఎట్టనేదులే, మీ సర్చీవోళ్ళు ఎట్టుకోరని తెల్సు. నీ వాటా కూడా దానికే ఎట్టీసినాను" అంది. నేను ఇస్త్రీ చొక్కా అంచుతో లెన్సు తుడుస్తూ ఏమన్నానో ఇక్కడ రాయను. ఆ చొక్కాకి పసుపు మరక పోలేదు. అమ్మ అడిగితే కేబుల్ రంగు అన్నాను.

మా వంతు మధ్యాహ్నం రెండున్నరకి వచ్చింది. హాలు నిండిపోయింది. టీవీ ముందు ఒక ఖాళీ కుర్చీ వేసి దాని మీద తువ్వాలు పరిచారు. స్టూలు మీద స్టీలు గ్లాసుతో టీ పెట్టారు. "తాతా, ఆయన అందులోంచి వచ్చి టీ తాగడు!" అన్నాను పళ్ళు బిగించి. తాత నా వైపు జాలిగా చూశాడు. "మాకు తెల్దేటి బాబూ? తాగడని తెల్సు. తాగడం, మానడం ఆయన వొంతు. ఇవ్వడం మన వొంతు." నేను కెమెరాకి కనబడకుండా టీవీ పక్కన నిలబడ్డాను. తెర వెలిగింది. పెద్దసారు కనిపించారు. పొద్దుటి నుంచి మీటింగులు, ఆ పైన ఏడు ఊళ్ళతో మాట్లాడి ఉన్నారు, కళ్ళ కింద ఆ బరువు తెలుస్తోంది. ఆయన తల ఎత్తకుండానే, పెన్ను పట్టుకుని, "నమస్కారం. చెప్పండి, మీ ఊరి సమస్య ఏంటి?" అన్నారు. దేవుడా, ఆయనే అడిగేశారు! నా సగం పని అయిపోయిందనుకున్నాను. తాత లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు. "దండాలు బాబూ. తిన్నారా?"

పెద్దసారు పెన్ను ఆపి తల ఎత్తారు. చేతి గడియారం చూసుకున్నారు. తర్వాత, "ఇంకా లేదండీ" అన్నారు. "ఓలమ్మో!" అంది హాలంతా ఒక్క గొంతుతో. ఇక చూడండి. రెండున్నర అయినా తినకపోతే పేగులు ఏమైపోవాలి, ఇంటి దగ్గర్నించి క్యారేజీ రాదా, వొస్తే ఎవులు ఆపినారు? ఆయన నవ్వారు, నవ్వుతూ ఎందుకో మోకాలు రుద్దుకున్నారు. ఒక ముసలమ్మ అది పట్టేసింది. వావిలాకు మరగబెట్టి కాపడం ఎలా పెట్టుకోవాలో రెండున్నర నిమిషాలు చెప్పింది, ఆయన దాన్ని (నేను కళ్ళారా చూశాను) సమస్యలు రాసుకునే కాగితం మీద రాసుకున్నారు. నేను అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'గెడ్డ' అని రాసి పైకెత్తాను. ఎవరూ చూడలేదు. చేతులతో నీళ్ళు చూపించాను, ఈదుతున్నట్టు చూపించాను, నడుం దగ్గర చెయ్యి పెట్టి ఇంత లోతు అని చూపించాను. ఎనిమిదో నిమిషంలో తాత నన్ను చూశాడు. హమ్మయ్య అనుకున్నాను. తాత లేచి వచ్చి నా భుజం పట్టుకుని కెమెరా ముందుకి లాగాడు. "ఈ బాబే మాకు నెట్టు ఎట్టినోడు. బంగారం లాంటి గుంటడు. కోపం ఒకటే కొంచెం ఎక్కువ. తమరు కాస్త సూసుకోవాల" అన్నాడు. ఈత కొడుతున్న చేతులతోనే నేను పెద్దసారుకి నమస్కారం పెట్టాను. ఆయన నన్ను కూడా తిన్నావా అని అడిగారు! పదో నిమిషం. "ఒకపాలి మా ఊరు రండి బాబూ. ఒక పూట బోజనం సేసెల్దురు గాని" అన్నాడు తాత. "వస్తాను పెద్దాయనా, తప్పకుండా వస్తాను" అన్నారు పెద్దసారు. తెర ఆరిపోయింది. పక్క ఊరి వంతు మొదలైంది. గెడ్డ మాట ఎవరూ ఎత్తలేదు.

హాల్లో జనం మాత్రం పెళ్ళి బాగా జరిగినట్టు సంతోషంగా ఉన్నారు. "మంచోడు," "పాపం సిక్కిపోనాడు" అనుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అట్టముక్క నేలకేసి కొట్టాను. "ఏటి తాతా ఇది? నెలన్నర నుంచి ఎండలో కుక్కలాగ తిరిగి తీగలు లాగినాను నాను! ఆయనే అడిగాడు కదా, సమస్య ఏంటని! నోటి దాకా వొచ్చిన ముద్ద! వావిలాకా? వావిలాకు చెప్పడానికా ఈ కేబులు?" తాత తొణకలేదు. "ఆయన మనకి ఎవులు బాబూ? మనం ఆయనకి ఎవులం? ఎరగనోణ్ణి మొదటి మాటే 'మాకియ్యి' అని అడిగితే అలాంటోణ్ణి ఏటంటారు?" అన్నాడు. నాకు ఇంకా రెచ్చిపోవాలనిపించింది. వెనక గోడకి ఆనుకుని అప్ప కోడలు కూర్చుని ఉంది. ఆమెను చూపించి, "ఆ అమ్మాయి పేనం కంటే మీ మర్యాద ఎక్కువా?" అనేశాను. ఆ అమ్మాయి తల దించుకుని కొంగు కడుపు మీదికి లాక్కుంది. అప్ప ఏదైనా అని ఉంటే నాకు బాగుండేది. సామాను సర్దుకుంటుంటే వచ్చి, "నువ్వు కూడా తిన్లేదు కదా. రా. తినీసి కోప్పడు బాబూ" అని పిలిచింది. వెళ్ళి కూర్చున్నాను. వంకాయ కూర, చోడి అంబలి, అంటే రాగి అంబలి. తల ఎత్తకుండా తిన్నాను. అంత సిగ్గుతో నేను మరెక్కడా భోజనం చేయలేదు.

ఫారంలో గడి ఖాళీగానే వెళ్ళింది. ప్రాజెక్టు సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సోమవారం కూర్చుందాం" అన్నారు. సోమవారం రాకముందే బావ ఫోన్ చేశాడు. "బావా, పెద్దసారు మీ ఊరు ఎల్తారంట! పన్నెండు ఊళ్ళల్లో పదకొండు ఊళ్ళవి కాగితాలు కట్టగా కట్టి ఆయన బల్ల మీదున్నాయి. ఆటిని ఇంకా ఇప్పనేదు. మీ ఊరికి కాగితమే నేదు. ఆ తిన్నారా అని అడిగిన ఊరు ఏది, ఆ ఊరు ఏది అని మూడుసార్లు అడిగినారు." నన్ను దగ్గరుండి తీసుకెళ్ళమని ఆర్డరు. కూర్చోవడం వాయిదా పడింది.

శ్రావణంలో ఒక శనివారం. ముందు రోజు కొండల మీద బాగా వాన పడింది. పెద్దసారు జీపు తారు రోడ్డు మీద హాయిగా వచ్చి గెడ్డ ఒడ్డున ఆగింది. డ్రైవరు దిగి చూసి, మళ్ళీ ఎక్కి, "సార్, రోడ్డు అయిపోయింది" అన్నాడు. అవతలి ఒడ్డున ఊరు ఊరంతా నిలబడి ఉంది. తాత తలపాగా చుట్టుకుని ముందు నిలబడి నమస్కారం పెడుతున్నాడు. "ఊరు ఎక్కడయ్యా?" అని పెద్దసారు నన్నడిగారు. "అదే సార్, అవతల." "మరి ఎలా వెళ్తారు?" "ఇలాగే సార్" అని నేను ప్యాంటు పైకి మడవడం మొదలుపెట్టాను. ఆయన నీళ్ళ వైపు చూశారు, అవతల తాత వైపు చూశారు, తన ఇస్త్రీ ప్యాంటు వైపు చూసుకున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి అన్నం పెడతానని పిలిచి ఎదురు చూస్తుంటే వెనక్కి ఎలా తిరుగుతారు? బూట్లు విప్పి నా చేతికిచ్చి దిగారు. మధ్యలోకి వచ్చేసరికి నీళ్ళు నడుం దాటాయి. మోకాలు నొప్పి మనిషి, కాలు కింద రాయి కదిలింది. నేను ఒక చేత్తో ఆయన్నీ, ఇంకో చేత్తో ఆయన బూట్లనీ పట్టుకుని ఏది వదలాలో తెలియక నిలబడ్డాను. (బూట్లే వదిలాను. ఒకటి దొరికింది.) నలుగురు దిగి వచ్చి ఆయన్ని ఒడ్డుకి చేర్చారు. ఆ నలుగురూ అప్పట్లో వానలో కోడలి మంచం మోసినవాళ్ళేనని నాకు తర్వాత తెలిసింది.

ఒడ్డున నిలబడి ఆయాసపడుతూ, "ఇక్కడ వంతెన లేదా?" అన్నారు పెద్దసారు. "నేదు బాబూ. మాకు అలవాటే. తమరే ఇబ్బంది పడిపోనారు" అన్నాడు తాత, తువ్వాలు అందిస్తూ. "మరి ఆ రోజు కాల్‌లో చెప్పలేదేం?" "మొదటిపాలి మాటాడతన్నాం. ఏం బాగుంటాది బాబూ?" పెద్దసారు అప్పుడు నా వైపు తిరిగారు. "వాళ్ళంటే మొహమాటం. నువ్వు ఈ ఊళ్ళో నెలన్నర ఉన్నావు కదా? రోజూ దాటావు కదా? నువ్వైనా ఒక్క మాట చెప్పొద్దా?" ఈత కొట్టినట్టు చేతులూపాను సార్, మీరు నమస్కారం అనుకున్నారు అని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. తాత నా చెవి దగ్గర, "కోప్పడకు" అన్నాడు మెల్లగా.

భోజనాలయ్యాయి. నాటుకోడి, పనసపొట్టు కూర, అరిసెలు. ఆయన ప్యాంటు దండెం మీద ఆరుతుంటే, తాత గళ్ళ లుంగీ కట్టుకుని తిన్నారు. మజ్జిగ పోస్తూ అప్ప కోడలు వచ్చింది. ఇప్పుడు ఏడో నెల, అడుగు నెమ్మదిగా పడుతోంది. ఆయన ఆమె వైపు చూశారు, తర్వాత గుమ్మం లోంచి గెడ్డ వైపు చూశారు. "ఎన్నో నెలమ్మా?" అని అడిగారు. ఆమె చెప్పింది. విస్తరి మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. అప్పుడు కూడా ఎవరూ గెడ్డ మాట ఎత్తలేదు. అక్కర్లేకపోయింది. చెయ్యి కడుక్కుని, "ఆ వీడియో పనిచేస్తుందా?" అని నన్నడిగారు. పనిచేస్తుందా! నా జన్మంతా ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు పరిగెత్తి వెళ్ళి ఆన్ చేశాను. లెన్సు మీద పసుపు ఉందేమో రెండుసార్లు చూసుకున్నాను. పెద్దసారు తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చున్నారు, పైన తెల్ల చొక్కా, కింద గళ్ళ లుంగీ. విశాఖపట్నంలో ఉన్న ఇంజనీరు తెర మీదికి వచ్చి, సారు బట్టలు చూసి కంగారుపడ్డాడు. "మధ్యాహ్నం నుంచి నేను గెడ్డ ఇవతల ఉన్నాను. నా బూటు ఒకటి గెడ్డలో ఉంది. కల్వర్టు సంగతి ఫైలు పెట్టండి. ఈలోగా వచ్చే వారం సిమెంటు తూములు దించి, పైన మట్టి పోసి, ఆటో దాటేలా చేయండి. చేశారో లేదో ఇదే తెర మీద నేనే అడుగుతాను" అన్నారు. నాలుగు నిమిషాలు పట్టింది. పది కూడా కాదు.

ఫారంలో గడి నింపాను. సమస్య ఏమిటి అన్నచోట గెడ్డ అని, హామీ అన్నచోట తూములు అని రాశాను. సమస్య చెప్పిన గ్రామస్థుడి పేరు అన్నచోట మాత్రం చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చెప్పిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరే రాశాను. ప్రాజెక్టు సారు చదివి, "ఆఫీసరే ఆఫీసుకి సమస్య చెప్పుకున్నాడా?" అని తల పట్టుకున్నారు గానీ, సంతకం పెట్టారు. అమ్మ ఎప్పుడో చెప్పేసిన అబద్ధం అలా నిజమైంది. దసరాకి పది రోజుల ముందు, ఒక మధ్యాహ్నం, అప్ప పంచాయతీ ఆఫీసులోంచి తెర మీదికి వచ్చి మా ఆఫీసు వాళ్ళ చేత నన్ను పిలిపించింది. "మగపిల్లోడు బాబూ. ఆస్పత్రిలోనే పుట్టినాడు. ఆటోలోనే ఎల్లిపోనాది, కాలు తడవకుండా" అంది. ఆ రోజు నేనన్న మాటకి క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది. చుట్టూ ఆఫీసు వాళ్ళున్నారు. అడగలేదు. ఆవిడ మాత్రం, తిన్నావా అని అడిగి వెళ్ళిపోయింది.

మనిషి రానక్కర్లేకుండా పని అయిపోవాలని మేము ఆ తీగ లాగాం. వాళ్ళు దానితో మనిషిని రప్పించుకున్నారు. ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నాకు రోజుకి నాలుగు వీడియో మీటింగులు. అందరూ సమయానికి వస్తారు, వచ్చీ రాగానే పని మాట ఎత్తుతారు, సమయానికి వెళ్ళిపోతారు. నేను వారం రోజులు గొంతు చించుకుని ఊరికి నేర్పాలనుకున్న పద్ధతి లోకమంతా నేర్చేసుకుంది. ఒక్క ఆ ఊరు తప్ప. గెలిచింది నేనే అనుకోవాలి, కానీ మీటింగు అయిపోయి తెర నల్లబడినప్పుడు గెలిచినట్టు అనిపించదు.

రెండేళ్ళకి అసలు కల్వర్టు కూడా కట్టారు. తాత దాని మీద నడిచి చూశాకే పోయాడు. కిందటి ఏడాది వానల్లో మా ఆవిడని బండి మీద ఎక్కించుకుని అటు వెళ్ళాను. దారి పొడుగునా ఈ కథంతా చెబుతూనే ఉన్నాను, నడుం లోతని, బూటు పోయిందని, నేను ఎంత అరిచానో కూడా. ఆవిడ నా భుజం మీంచి ముందుకి వంగి, "ఇంతకీ ఏదండీ ఆ గెడ్డ?" అంది.

అప్పటికే దాటేశాం.